ఛాయాదేవి, నాన్‌లోకల్

లా చదువుకు పెట్టే లాసెట్ పరీక్షలో నాకు ర్యాంకు వచ్చిన సంగతి నాకంటే ముందు మా గల్లీ మొదట్లో ఇడ్లీ బండి పెట్టే ఉప్పలమ్మక్కకు తెలిసింది. మా అమ్మాయి కావ్య ఫోన్లో రిజల్ట్ చూసి నాకు కాల్ మీద కాల్ చేసింది. నేను ఎత్తలేదు. కుట్టు కంపెనీలో చెకింగ్ టేబుల్ దగ్గర ఫోన్ పట్టుకుంటే మా సూపర్‌వైజర్ ఊరుకోడు. పిల్ల ఇక ఆగలేక వీధిలోకి ఉరికి ఉప్పలమ్మక్కకు చెప్పేసిందట. ఆమె బండిని అలాగే వదిలేసి, చేతికున్న పిండైనా కడుక్కోకుండా షేర్ ఆటో ఎక్కి, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మా కంపెనీ గేటు ముందు దిగింది.

"ఛాయా! ఓ ఛాయా! బయటికి రావే! లాయరమ్మవైనవే నువ్వు!"

ఎవరో పోయారనుకుని వాచ్‌మన్ గేటు తీశాడు. నేను కూడా మా అత్తమ్మకేదో అయిందనుకుని, మెడలో టేపు మెడలోనే ఉండగా పరుగెత్తాను. విషయం తెలిశాక గేటు దగ్గరే ఉప్పలమ్మక్కను పట్టుకుని గిరగిరా తిప్పాను. ఆమె చేతి పిండి నా జాకెట్‌కు అంటింది. లోపల ఆడవాళ్లందరూ మిషన్లు ఆపి చప్పట్లు కొట్టారు. సూపర్‌వైజర్ మొదట అరిచాడు, తర్వాత తానే వచ్చి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

నాకప్పుడు ముప్పై అయిదేళ్లు. పంతొమ్మిదో ఏట పెళ్లయి నాచారం వచ్చిన నేను, ఎనిమిదో తరగతితో ఆగిన చదువును పిల్ల పుట్టాక మళ్లీ పట్టుకున్నాను. ఓపెన్‌లో పది, ఓపెన్‌లో ఇంటర్, ఆ తర్వాత దూరవిద్యలో డిగ్రీ. ఇదంతా డ్యూటీ చేస్తూనే. ఇక లాయర్ పిచ్చి ఎప్పుడు పట్టిందంటే, ఒకసారి మా కంపెనీలో కొందరిని ఉన్నపళంగా తీసేస్తే లేబర్ ఆఫీసుకు వెళ్లాం. అక్కడ ఒక లాయరమ్మ మా తరఫున నిలబడి మాట్లాడింది. గట్టిగా అరవనైనా అరవలేదు. అయినా అవతలివాళ్లకు మాట తడబడింది. నాకు నోరెక్కువని గల్లీ అంతా అంటుంది, నీళ్ల ట్యాంకర్ దగ్గర నాతో ఎవరూ పెట్టుకోరు. కానీ ఆవిడను చూశాక నా నోటికి చదువొకటి తోడైతే ఎట్లుంటుందోనని ఆశ పుట్టింది. ఆ ఆశ నన్ను నిద్రపోనివ్వలేదు.

ఆ సాయంత్రం మా ఇంటి ఓనరు వెంకటరామయ్యగారు కళ్లద్దాలు సర్దుకుని, కావ్య ఫోన్లో కౌన్సెలింగ్ నిబంధనలు చదవడం మొదలుపెట్టారు. రైల్వేలో గార్డుగా రిటైరైన మనిషి. ఏ కాగితమైనా మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదవనిదే కింద పెట్టరు. మా గదిలో ఆయన చుట్టూ మేమంతా కూర్చున్నాం. మా ఆయన మహిపాల్, మా అత్తమ్మ లక్ష్మీనర్సమ్మ, కావ్య, బండి మూసేసి వచ్చిన ఉప్పలమ్మక్క.

"ఈ ర్యాంకుకి యూనివర్సిటీ కాలేజీలో సీటు గ్యారంటీ అమ్మాయ్. ఫీజు కూడా ప్రభుత్వమే కడుతుంది," అన్నారాయన. మేం కేరింతలు కొట్టబోతుంటే చెయ్యెత్తి ఆపారు. "ఉండండుండండి. నువ్వు లోకల్ అయితేనే ఇదంతా. లోకల్ కాకపోతే మిగిలిన కాసిని సీట్ల కోసం అందరితో పోటీ పడాలి. ఈ ర్యాంకు దానికి చాలదు. ప్రైవేటు కాలేజీలో దొరికినా ఫీజు నువ్వే కట్టుకోవాలి."

ప్రైవేటు కాలేజీ ఫీజు మా వల్ల కాదని మాకందరికీ తెలుసు.

"మరి లోకలే గదా మేము? పదహారేండ్ల సంది ఈడనే ఉంటిమి," అన్నాన్నేను.

"రెగ్యులర్‌గా బడికి, కాలేజీకి వెళ్లి ఉంటే ఆ సర్టిఫికెట్లే సరిపోయేవి. నువ్వు అంతా ప్రైవేటుగా చదివావు కదా! డిగ్రీకి ముందు ఏడేళ్లూ ఇక్కడే నివాసం ఉన్నట్టు మండలాఫీసు నుంచి సర్టిఫికెట్ తేవాలట."

ఇంట్లో ఉన్న కాగితాలన్నీ చాపమీద పోశాం. ఆధార్, గ్యాస్ పుస్తకం ఈ అడ్రసు మీద ఉన్నాయి కానీ, అవి మార్చి అప్పటికి నాలుగేళ్లే. అంతకు ముందంతా సిరోంచ అడ్రసు. సిరోంచ మాది, మహారాష్ట్ర. ప్రాణహిత నదికి ఇవతల తెలంగాణ, అవతల మేము. ఇంట్లో తెలుగు మాట్లాడి, బళ్లో మరాఠీ చదువుకునే మనుషులం. పెళ్లయి ఇక్కడికి వచ్చిన కొత్తలోనే ఆధార్ మార్చుకుందామని నేను అన్నాను. మా ఆయన ఒప్పుకోలేదు. కావ్య స్కూలు వాళ్లు గట్టిగా అడిగితే గానీ కదల్లేదు.

మహిపాల్‌కు ఊరంటే ప్రాణం. బీరువా కొందామంటే "పోయేటప్పుడు ఎవడు మోస్తడే?" అనేవాడు. గోడకు మేకు కొట్టాలన్నా ఆలోచించేవాడు. ప్రతి ఎండాకాలం వచ్చే ఏడు ఊరికి పోదామనేవాడు, ఆ వచ్చే ఏడు వచ్చేసరికి కంపెనీలో జీతం కాస్త పెరిగేది, లేదా కావ్య క్లాసు మారేది. ఆయన పనిచేసే మౌల్డింగ్ యూనిట్‌లో అందరూ ఆయన్ను సిరోంచన్న అని పిలుస్తారు, ఆ పిలుపు వింటే మురిసిపోయేవాడు.

"గదేమంత పని సార్? ఈడ ఉంటున్నమని గల్లీ అంత జెప్తది," అన్నాడు మహిపాల్ ధీమాగా.

"చెప్పుడేంది, గొంతు చించుకొని జెప్తం," అంది ఉప్పలమ్మక్క.

మర్నాడే మీసేవలో దరఖాస్తు పెట్టాను. మండలాఫీసు నుంచి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఇంటికి వస్తాడని, చుట్టుపక్కల వాళ్లను అడిగి రాసుకుంటాడని మీసేవ అబ్బాయి చెప్పాడు. ఇక నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. డ్యూటీలో కాలర్లు చెక్ చేస్తూ యూనివర్సిటీ కాలేజీ మెట్లెక్కుతున్నట్టు ఊహించుకునేదాన్ని. కుట్టు ఊడిన రెండు చొక్కాలు నా టేబుల్ దాటి వెళ్లిపోయాయని తిట్లు కూడా తిన్నాను.

ఇన్‌స్పెక్టరు నేను డ్యూటీలో ఉన్నప్పుడే వచ్చి వెళ్లాడు. సాయంత్రం గల్లీలోకి అడుగు పెట్టేసరికి పండగ వాతావరణం. ఆషాఢం కదా, బోనాలకని అప్పటికే వేపమండలు కట్టారు. వాటి కింద కుర్చీలు వేసుకుని మావాళ్లంతా కూర్చున్నారు.

"పనైపోయినట్టేనే!" అంది ఉప్పలమ్మక్క నన్ను చూడగానే. "సారు మస్తు మంచోడు. కనకరాజు అంట పేరు. నా బండి కాడ నిలవడి ప్లేటు ఇడ్లీ గూడ తిన్నడు."

"చాయ్ నేను తాగిపిచ్చిన," అన్నాడు మహిపాల్. మొహం వెలిగిపోతోంది. "మంచిగ కూసోని మాట్లాడిండు. మీదేవూరు అని అడిగిండు. సిరోంచ అని జెప్పిన. సిరోంచ అంటే ఆయినకు ఎర్కనే! నది గురించి, చాపల గురించి శానాసేపు ముచ్చట వెట్టినం."

నేను భుజం మీది సంచి దించాను. "ఇంకేం అడిగిండు?"

"ఈడనే ఉంటరా, పని కోసం వచ్చిన్రా అన్నడు. పని కోసమే వచ్చినం సార్, ఎప్పటికైన ఊరికి పోయేటోళ్లమే అన్న."

నేను అక్కడే మెట్టు మీద కూలబడ్డాను.

"నేను గూడ జెప్పిన," అంది ఉప్పలమ్మక్క ఉత్సాహంగా. "వాళ్లూరికి పోవాలంటె పే...ద్ద నది దాటాలె సార్, గంత దూరం నుంచి వచ్చి బతుకుతున్నరు పాపం అని."

"నన్నూ అడిగాడమ్మా," అన్నారు వెంకటరామయ్యగారు మేడ మీద నుంచి వంగి చూస్తూ. "వాళ్లది మహారాష్ట్ర అయినా తెలుగు ఎంత చక్కగా మాట్లాడతారో అని మెచ్చుకున్నాను."

నా మేలు కోరే మనుషులు ముగ్గురూ కలిసి నన్ను నది అవతల దింపేసి వచ్చారు. నవ్వాలో ఏడవాలో తెలియక వాళ్ల ముఖాలు చూస్తూ కూర్చున్నాను. వాళ్లకింకా ఏమీ అర్థం కాలేదు.

రెండు రోజుల్లో మెసేజ్ వచ్చింది. కావ్య పైకి చదివింది. "దరఖాస్తు తిరస్కరించబడింది. దరఖాస్తుదారు మహారాష్ట్రకు చెందినవారని, ఉపాధి నిమిత్తం తాత్కాలికంగా ఇక్కడ ఉంటున్నారని స్థానిక విచారణలో తెలిసింది."

ఆ రాత్రి అన్నం గిన్నె ముందు నేను మహిపాల్‌ను ఎన్ని మాటలన్నానో నాకే గుర్తులేదు. పదేళ్ల చదువు ఒక చాయ్ గ్లాసులో పోశావన్నాను. చేపల ముచ్చట చెప్పే నోటికి నా పెళ్లాం ఇక్కడే ఉంటుందని చెప్పడానికేమైందన్నాను. ఆయన తల వంచుకుని అంతా విన్నాడు. చివరికి ఒక్కటే అడిగాడు.

"ఊరు ఏదని అడిగితె ఏం జెప్పాల్నే? నాచారం అనాల్నా?"

"అంటె ఏమైతది? నోరు వడిపోతదా?"

"నువ్వైతె ఏమంటవ్ మరి? నిన్నడిగితె?"

నేను జవాబు చెప్పలేదు. కోపంలో ఉన్నాను కాబట్టి చెప్పలేదని అప్పుడు అనుకున్నాను.

కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్లు చూపించే తారీఖు దగ్గర పడుతోంది. ఏడుస్తూ కూర్చునే రకాన్ని కాదు నేను. మర్నాడు సగం రోజు సెలవు పెట్టి ఆఫీసుకు బయలుదేరితే, బండి బంద్ పెట్టి ఉప్పలమ్మక్క కూడా వెంట పడింది. "నా నోటి వల్లనే గదా గిట్లయింది, నేను రానా?" అని.

కనకరాజు టేబుల్ మీది ఫైళ్ల వెనక కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ముఖంలో విసుగు లేదు కానీ అలసట ఉంది. నేను రాత్రంతా మనసులో సిద్ధం చేసుకున్నదంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. గొంతు పెద్దదే అయి ఉంటుంది, పక్క గదిలోంచి ఇద్దరు తొంగి చూశారు.

"అమ్మా, నేను సొంతంగ రాసిందేం లేదు," అన్నాడాయన. "మీ ఇంటాయన జెప్పింది రాసిన, మీ పక్కోళ్లు జెప్పింది రాసిన. పోయేటోళ్లం అని ఆయిన నోటితోనే అన్నడు. నేనేమన్న కథ అల్లిన్నా? జర పక్కకు జరుగు, ఎనక మంది ఉన్నరు."

నేను కదల్లేదు. ఉప్పలమ్మక్క నా భుజం పక్క నుంచి తల ముందుకు పెట్టి, ఏ కొత్త మనిషి కనబడినా అడిగే మాటే అడిగింది.

"మీదేవూరు సార్?"

"మోత్కూరు," అన్నాడు కనకరాజు ఫైలు లోంచి తలెత్తకుండానే.

"అయ్యో! మా చెల్లెను ఇచ్చింది మోత్కూరే గదా! ఏ వాడ సార్?"

ఆయన పెన్ను పక్కన పెట్టాడు. మొహంలో అలసట కాస్త తగ్గింది. వాడ పేరు చెప్పాడు, ఉప్పలమ్మక్క వాళ్ల మరిది పేరు చెప్పింది, ఆ మరిది వాళ్ల నాయన తనకు చిన్నప్పుడు ఈత నేర్పాడని ఆయన అన్నాడు.

"ఊర్ల ఎవలుంటున్నరు సార్ ఇప్పుడు?"

"ఎవలు లేరమ్మా. నేను రామంతాపూర్‌ల ఇల్లు గట్టుకొని శానా ఏండ్లాయె. పిల్లలు ఈడనే పుట్టిన్రు, ఈడనే చదివిన్రు."

నోటికొచ్చిన మాట ఆపుకోలేకపోయాను.

"మరి మీరు లోకలా, నాన్‌లోకలా సార్?"

పక్క టేబుల్ అమ్మాయి టైపింగ్ ఆపింది. కనకరాజు నా వంక చూశాడు. అయిపోయింది, నా నోరే నా కొంప ముంచిందనుకున్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నేను మోత్కూరు అన్ననా?"

"అన్నరు సార్. అడగంగనే అన్నరు," అంది ఉప్పలమ్మక్క అమాయకంగా.

ముందు పక్క టేబుల్ అమ్మాయి నవ్వింది. తర్వాత ఆయన నవ్వాడు. "నువ్వు చదవాలె తల్లీ, లేకుంటె ఊరికే పంచాయితీలు వెట్టుకుంట తిరుగుతవు," అన్నాడు. "మళ్ల దరఖాస్తు వెట్టు. ఎల్లుండి నేనే వస్త. ఈసారి ఊరేదని అడగ, ఎన్నేండ్ల సంది ఉంటున్నరో అడుగుత. కని ఒక్కటి, ఇంట్లోళ్లే పోయేటోళ్లమని అంటే మాత్రం నా చేతుల ఏం లేదు."

మేమిద్దరం ఆఫీసు మెట్లు దిగి రోడ్డు మీదకు వచ్చేదాకా ఓపిక పట్టి, ఒకరినొకరు పట్టుకుని పడీ పడీ నవ్వాం. హబ్సిగూడ వైపు వెళ్లే బస్సులో వాళ్లంతా మమ్మల్నే చూశారు. ఉప్పలమ్మక్కకు నేనెందుకు అంతగా నవ్వుతున్నానో పూర్తిగా తెలియదు, నేను నవ్వుతున్నానని ఆమె నవ్వింది.

ఇంటికి వచ్చి మహిపాల్‌కు అంతా చెప్పాను. ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు ఉండగానే అసలు మాట చెప్పాను.

"ఎల్లుండి సారు అడిగితె, ఈడనే ఉంటమని ఒక్క మాట అను. అంతే."

"ఉంటున్నం అంట."

"ఉంటున్నం కాదు. ఉంటం."

ఆయన చేతిలో నీళ్ల చెంబు తిప్పుతూ కూర్చున్నాడు. "ఉంటున్నం అంటె ఉన్నమాట. ఉంటం అంటె..." అని ఆగిపోయాడు. "ఎట్లనాల్నే ఛాయా? మా నాయన పోయేటప్పుడు మళ్ల ఊరికొస్తననే చెప్పిన."

నాకు ఆయన మీద జాలి వేసింది, ఆ జాలి మీద మళ్లీ కోపం వచ్చింది. నేను అడుగుతున్నది ఆయన ఊరిని కాదు, నా చదువును. రెండూ ఒకే మాటలో ఎలా చిక్కుకున్నాయో నాకు అంతు పట్టలేదు.

సారు వస్తానన్న రోజు తెల్లారేసరికి ఆయన లేడు. ఆ రోజు తన మధ్యాహ్నం షిఫ్టును ఎవరితోనో మార్చుకుని పొద్దున్నే వెళ్లిపోయాడు. "నేనుంటె మళ్ల ఏదో ఒకటి అంట. నన్ను ఇందుల వెట్టకుర్రి," అని అత్తమ్మతో చెప్పి వెళ్లాడట. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. కష్టంలో నా పక్కన నిలబడటానికి బదులు తప్పుకున్నాడని ఏడ్చాను. అత్తమ్మ ఏమీ అనకుండా తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని గడపలో కూర్చుంది.

కనకరాజు గారు వచ్చేసరికి గల్లీ సగం మా గుమ్మం ముందే ఉంది. నేను అందరికీ ముందే చెప్పాను: అడిగినదానికే జవాబు, నది గురించి ఎవరూ ఎత్తొద్దు.

"ఎన్నేండ్ల సంది ఎర్క ఈమె మీకు?" అని ఉప్పలమ్మక్కను అడిగాడు.

"ఏండ్లు గిన్నని నాకు రాదు సార్. మా పెద్దోని పెండ్లికి ముందు సంది. కరోనాల అందరు మూటలు గట్టుకొని ఊర్లకు పోయిన్రు చూడు, అప్పుడు వీళ్లు పోలే. నా బండి మూతవడ్డది. ఈ పొల్ల వాళ్ల బియ్యంల సగం నాకు పోసింది. ఊర్ల ఉంటె ఎట్ల పోస్తది సార్?"

ఆ బియ్యం సంగతి ఆమె గుర్తు పెట్టుకుందని నాకే తెలియదు. నిజానికి అప్పుడు మేం పోదామనే అనుకున్నాం, సరిహద్దు మూసేస్తే ఆగిపోయాం. ఆ మాట నేను ఎత్తలేదు.

వెంకటరామయ్యగారు తన వంతు కోసం ఇస్త్రీ చొక్కా వేసుకుని దిగారు. "మొదటినుంచీ నా ఇంట్లోనే ఉంటున్నారండీ, మొదట్లో వెనక వాటాలో, ఇప్పుడు కింది వాటాలో. ఈ అమ్మాయి రాసే ప్రతి పరీక్షకీ మా ఇంట్లో లైటు వెలిగేది, కరెంటు బిల్లు నేను కట్టాను, నాకు గుర్తుండదా? నేను కోర్టులోనైనా చెబుతాను!"

కనకరాజు రాసుకున్నాడు. తర్వాత తలెత్తి, "ఇంటాయన ఏడీ?" అన్నాడు.

అందరూ నా వంక చూశారు.

"డూటీకి పోయిండు సారూ," అంది అత్తమ్మ గడపలోంచి. "ఆన్ని అడుగకు. నేను పెద్దదాన్ని, నన్నడుగు."

"సరే అవ్వా. మళ్ల ఊరికి పోతరా, ఈడనే ఉంటరా?"

"ఎవలు పోతరు బిడ్డా? నా కొడుకు పోత పోత అనుకుంటనే నెత్తి మీది ఎంటికలన్ని పోగొట్టుకున్నడు." గల్లీ గొల్లుమంది. అత్తమ్మ నవ్వలేదు. "నాకు దవాఖాన ఈడనే. నా మనుమరాలి బడి ఈడనే. నా కోడలు కోటు ఏసుకొని కోర్టుకు పోతాంటె నేను సూడాలె. గంత దూరం పోతె నాకు కనవడ్తదా? నేను కదల. నేను కదలకపోతె నన్ను ఇడిసిపెట్టి నా కొడుకు పోడు. రాసుకో."

కనకరాజు రాసుకున్నాడు. అత్తమ్మ వేలిముద్ర వేసింది. ఆయన వెళ్లాక నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఒళ్లో తల పెట్టేశాను. నా చదువు గురించి ఆమె మనసులో ఏముందో పదహారేళ్లలో ఒక్కసారీ బయటపెట్టలేదు. "లెవ్వు, బియ్యం కడుగు," అంది.

సర్టిఫికెట్ చేతికి వచ్చిన రోజు కావ్య దాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టింది. వెరిఫికేషన్ కౌంటర్‌లో ఒక అమ్మాయి దాన్ని తిరగేసి చూసి, కంప్యూటర్‌లో ఏదో నొక్కి, "లోకల్" అంది. అంత మామూలుగా అంది! నేను "మళ్లోసారి అంటావా తల్లీ?" అన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, నవ్వి, మళ్లీ అంది.

సీట్లు కేటాయించిన రోజు గల్లీ అంతా కావ్య ఫోన్ చుట్టూ చేరింది. సైటు తెరుచుకోదు, తిరుగుతూనే ఉంటుంది. వెంకటరామయ్యగారు తన ఫోన్, ఉప్పలమ్మక్క కొడుకు తన ఫోన్, ఎవరిది ముందు తెరుచుకుంటుందోనని పోటీ. చివరికి కావ్య కెవ్వుమని అరిచింది. యూనివర్సిటీ కాలేజీ! నేను ఎగిరి గంతేశాను, ముప్పై అయిదేళ్ల మనిషిని, నడి వీధిలో. డప్పు లేదని ఎవరో స్టీలు బేసిన్ అందుకున్నారు. మహిపాల్ ఎక్కడి నుంచో మైసూర్‌పాక్ డబ్బా తెచ్చి అందరికీ పంచాడు, మొదటి ముక్క నా నోట్లో పెట్టాడు. సంతోషమే ఆయనకు, కళ్లలో కనబడుతోంది. ఆ రోజు తప్పుకున్న సంగతి మాత్రం ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అది మా మధ్య ఉండిపోయింది.

కాలేజీలో చేరే రోజు తాను వస్తానని ఆయనే అన్నాడు. హబ్సిగూడలో మెట్రో ఎక్కాం, దిగాం, లోపలికి నడిచాం. పెద్ద పెద్ద చెట్లు, రాతి గోడలు. నా పక్కన ఇరవై ఏళ్ల పిల్లలు. ఒకమ్మాయి "ఆంటీ, మీ పాపది ఏ కోర్సు?" అంది. "నేనే పాపను," అన్నాను. ఆ పిల్ల నోరు తెరిచి, తర్వాత నాతో సెల్ఫీ దిగింది.

కౌంటర్‌లో క్లర్క్ ఒక కాగితం ఇచ్చాడు. ర్యాగింగ్ చెయ్యనని నేను ఒక సంతకం, నాకు పూచీగా తల్లిగానీ తండ్రిగానీ సంరక్షకుడుగానీ ఇంకో సంతకం.

"తల్లిదండ్రులు వచ్చారా అమ్మా?"

"మా ఆయన వచ్చిండు సార్."

"సరే, ఆయన్నే పెట్టమనండి."

మహిపాల్ కాగితం తీసుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. బళ్లో ఆయనదీ మరాఠీయే, తెలుగు అక్షరాలు నాచారం వచ్చాక బస్సుల బోర్డుల మీద నేర్చుకున్నాడు. "నా సంరక్షణలో ఉన్న విద్యార్థిని ఎవరినీ మాటలతోగానీ చేతలతోగానీ వేధించదని హామీ ఇస్తున్నాను," అని చదివి, తలెత్తి క్లర్క్‌ను చూశాడు.

"చేతలు సరే సార్. మాటలతోని ఎవ్వర్ని ఏమనదని నేనెట్ల రాసియ్యాలె?"

లైన్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను ఆయన్ను మోచేత్తో పొడిచాను. సంతకం పెట్టాడు. దాని కింద చిరునామాలు ఉన్నాయి. ప్రస్తుత చిరునామా అన్న చోట ఇంటి నంబరు, గల్లీ, నాచారం అని పొందికగా రాశాడు. దాని కింద శాశ్వత చిరునామా. అక్కడ పెన్ను ఆగింది.

నేను నోటీసు బోర్డు వైపు తిరిగిపోయాను. ఆయన ఏం రాసుకున్నా నాకు సమ్మతమే. సీటు వచ్చేసింది, ఆ గడి ఎవరూ చూడరు, దాంతో ఎవరికీ పని లేదు. నది అవతలి ఊరు పేరు ఆయన చేతి రాతలో ఆ కాగితం మీద ఉంటే ఉండనీ అనుకున్నాను. బోర్డు మీద మొదటి క్లాసు ఎప్పుడో రాసి ఉంది, అది మూడుసార్లు చదివినా బుర్రకెక్కలేదు. వెనక లైన్లోవాళ్లు తొందర పెడుతున్నారు. ఆయన మాత్రం తొందర పడలేదు.

క్లర్క్ కాగితం అందుకుని కళ్ల దగ్గరికి పెట్టుకున్నాడు.

"ఇక్కడేం రాశారండీ? శాశ్వత చిరునామా దగ్గర. అర్థం కావట్లేదు."

"పైదే సార్," అన్నాడు మా ఆయన. "రెండూ ఒకటే."